ముందు వరస

3, సోమవారం

మళ్ళీ అదే మాట. నా ముందే. నేను వేళ్ళకి జిగురుతో పక్కనే నిలబడి ఉండగానే.

కెమెరా క్లబ్బు ప్రెసిడెంటుగారు తన మడత కెమెరా తెరిచి, వెనక మూత తీసి, లోపలికి టార్చి కొట్టి చూసుకున్నాడు. "మాస్టారూ, మీ చేతికి ముసలితనం రాదా? ఈ బెలోస్ కొత్తప్పుడు కూడా ఇంత తీరుగా లేదండీ."

"తిత్తి అనండి" అన్నాడు నాన్న, లెన్సు వెనక ఉన్న మడతల గొట్టాన్ని చూపిస్తూ. ఇక పాఠం మొదలు. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య కావలసింది జానెడు చీకటి, ఆ చీకటిని మడతపెట్టి కోటు జేబులో వేసుకోవడమే ఈ కెమెరా గొప్పతనం, తిత్తిలో సూదిబెజ్జం పడినా చీకటి కారిపోతుంది, వగైరా. నా చిన్నప్పుడు ఈ పాఠం వింటుంటే నాకు నాన్న మంత్రగాడిలా కనిపించేవాడు.

"ఇంత సన్నపని ఇంకా మీరే చేస్తున్నారా?" అన్నాడు ప్రెసిడెంటు.

"నేనే చేశాను. ఇంకెవరు చేస్తారు?"

ఇంకెవరు చేస్తారు. పాత తోలు విప్పి, నలగకుండా పరిచి, మడత మడతకీ కొలత తీసి, అట్టముక్కలు కోసి, రెండు నల్లగుడ్డల మధ్య ఒక్కొక్కటీ అంటించి, ఆరేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, మడత పెట్టింది ఎవరో మరి. గాలికి తయారైందేమో. నాన్న ఆ కెమెరాని పట్టుకున్నది ఇచ్చేముందు దుమ్ము తుడవడానికే. తుడుస్తుంటే కూడా చెయ్యి వణికి గుడ్డ కింద పడింది. వంగి తీసి ఇచ్చింది నేను.

ప్రెసిడెంటు వెళ్తూ వెళ్తూ నన్ను గమనించాడు. "నాన్నగారికి సాయం చేస్తున్నావా? మంచి పిల్లవి. పెద్దయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు?"

నాకు ఇరవై ఆరేళ్ళు.

4, మంగళవారం

ఇవాళ రాయను. రాస్తే కాగితం చిరుగుతుంది.

6, గురువారం

నర్సుగారు వచ్చారు. పాత ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళుగా చేస్తున్నారట. గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటైన మనిషి, ఎదుటివాళ్ళు వంగి వినాల్సిందే. వాళ్ళ అన్న వాడిన మడత కెమెరా తెచ్చారు. తిత్తి మూలలన్నీ చిల్లులే. లోపల బల్బు పెట్టి చూస్తే నక్షత్రాల్లా మెరిశాయి.

ఆస్పత్రి కూల్చేస్తున్నారట. మనుషుల్ని కొత్త భవనంలోకీ, ఊళ్ళో మిగతా ఆస్పత్రుల్లోకీ పంచేస్తున్నారట. పదిహేనో తారీఖున, తాళం వేసేముందు, పాత మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టి ఒక ఫోటో తీయాలని ఆవిడ కోరిక.

"ఫోన్లో తీసుకోవచ్చు కదండీ" అన్నాను.

"ఫోన్లో తీస్తే ఎవరూ సర్దుకుని నిలబడరమ్మా. దీన్ని తెరిస్తే నిలబడతారు."

ఆ మాట నాకు నచ్చింది. ఆ కెమెరా పని నాకు కావాలనిపించింది. నాన్న ఎప్పటిలాగే ఆవిడ వెళ్ళేదాకా ఆగి, కెమెరాని నా బల్ల వైపు తోశాడు. మాట లేదు, తోయడమే. ఈ రెండేళ్ళూ అంతే.

నేను మళ్ళీ ఆయన వైపు తోశాను.

"ఆవిడకి చెప్పు. నేను చేస్తున్నానని."

"చెప్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు."

"ఏమీ అవనిదాన్ని చెప్పడం ఎందుకు?"

"ఏమీ అవనిదానికి అంత భయం ఎందుకు నాన్నా?"

"నీకేం తెలుసు. ఈ షాపుకి బోర్డు చూసి ఎవరూ రారు. చెయ్యి చూసి వస్తారు."

"ఆ చెయ్యి ఎవరిది?"

అనకూడదని తెలుసు. తెలిసే అన్నాను. నాన్న ముఖం ఎర్రబడలేదు, తెల్లబడింది. కెమెరా తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. "నా చెయ్యి ఇంకా పడిపోలేదు. నువ్వు ఆ ఇన్సూరెన్సు ఆఫీసు వాళ్ళనే అడుగు, మళ్ళీ తీసుకుంటారేమో."

రెండు నెలలని వచ్చాను నేను. నాన్న చెయ్యి కుదుటపడేదాకా అని. ఆ ఆఫీసు బల్లకి కనీసం నా పేరుతో ఒక చెక్క ఉండేది.

8, శనివారం

నాన్న చేస్తున్నాడు. నేను నా బల్ల దగ్గర ఒక షట్టరు విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పుతున్నాను. దానికి ఏ రోగమూ లేదు.

అట్టముక్కలు ఆయన చేతిలోంచి జారుతున్నాయి. నేను తీసి ఇవ్వడం లేదు.

అమ్మ మధ్యాహ్నం వచ్చి ఇద్దరినీ చూసి, "ఏంటిది, షాపా, బొమ్మల కొలువా? ఇలా బిగుసుకుపోయారు. ఎవరైనా మాట్లాడండి, కనీసం తిట్టుకోండి" అంది. ఎవరమూ నవ్వలేదు. "సరే, నేను అడకత్తెరలో పోకచెక్కని, నాకేం" అని ఖాళీ గిన్నెలు పట్టుకుని పోయింది.

ఒక పక్క మడతల మధ్య సందు ఎక్కువ వదిలినట్టుంది. ఇక్కడినుంచి సరిగా కనిపించదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా.

11, మంగళవారం

తిత్తి బిగించాడు. రాత్రంతా తెరిచి అరలో పెట్టి ఉంచాడు. పొద్దున నాకంటే ముందే వచ్చి, ఫిల్ము ఉండే చోట పల్చటి కాగితం పెట్టి చూసుకుని, మూత వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నేనూ చూశాను. నిలువుగా పెట్టి చూశాను. బాగుంది.

పదింటికి నర్సుగారు వచ్చారు. "మీరే చేశారా మాస్టారూ?"

"నేనే చేశాను."

ఈసారి నిజమే.

ఆవిడ కెమెరాని రెండు చేతులతో పట్టుకుని సంచిలో పెట్టుకున్నారు, పసిబిడ్డని డాక్టరు చేతిలోంచి అందుకున్నట్టు. నా వైపు చూసి నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటా.

12, బుధవారం

నిలువుగా బాగుంది. అది నేను కళ్ళారా చూశాను.

13, గురువారం

భోజనాల దగ్గర అమ్మని అడిగాను, గ్రూపు ఫోటో ఎవరైనా నిలువుగా తీస్తారా అని.

"మనుషులు పక్కపక్కన నిలబడతారు గానీ ఒకరి నెత్తిన ఒకరు ఎక్కుతారా? ఏం ప్రశ్న అది?"

నాన్న తల ఎత్తలేదు. పెరుగు కలుపుకుంటున్నాడు. స్పూనుతో. చేత్తో తినడం మానేసి చాలాకాలమైంది, ఎవరమూ ఆ మాట ఎత్తము.

14, శుక్రవారం

నర్సుగారి నంబరు నాన్న ఫోన్‌లో ఉంది. నాన్న ఫోన్ నాన్న దగ్గర ఉంది.

అంత అవసరమైతే ఆయనే చెయ్యొచ్చు. ఆయన నేర్పిందే ఇదంతా. కొత్త తిత్తిని నాలుగు వైపులా తిప్పి చూడాలి, ఏ పక్క వదులుందో అది పైకి వస్తే గాని బయటపడదు అని నా పదో ఏటినుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. తను తిప్పలేదు. చెయ్యి వణుకుతుంటే తిప్పడం కష్టమే. కష్టమైతే నన్ను అడగొచ్చు. నోరు వణకడం లేదు కదా.

15, శనివారం

ఈరోజు.

16, ఆదివారం

సరే. రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదివేది కాదు.

అడ్డంగా కూడా తిప్పి చూశాను. మంగళవారం పొద్దున, నాన్న చేతులు కడుక్కుంటుండగా. అడ్డంగా పెట్టిన కాసేపటికి పైపక్క గుడ్డ మెల్లగా లోపలికి జారింది. కాగితం మీద పడే బొమ్మలో మూడోవంతు నలుపు. లోపలినుంచి ఎవరో పొట్ట వదిలినట్టు.

నీళ్ళ చప్పుడు ఆగింది. నేను కెమెరాని మళ్ళీ నిలువుగా పెట్టి నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

నాకేం అనిపించిందో కూడా రాస్తాను. సంతోషమేసింది.

22, శనివారం

కూర్చుని రాస్తేగాని ఊపిరాడేలా లేదు.

నర్సుగారు షాపు షట్టరు ఎత్తగానే వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. పెద్ద ఫోటో ఒకటి, మిగతావి చిన్నవి, బల్ల మీద పరిచారు. రీలులో తీసిన ఎనిమిదీ ఒకలాగే ఉన్నాయి. వెనక వరసలో డాక్టర్లు, మధ్య వరసలో నర్సులు, వెలుగు, మెట్లు, పాత గుమ్మం. కింద ఒక నల్లటి గుట్ట. నున్నగా, గుండ్రంగా. ఆ గుట్టకి ఈ చివర ఒకామె కొప్పు, ఆ చివర ఒకామె చెవీ, భుజమూ.

కెమెరా లోపల లోకం తలకిందులుగా పడుతుంది. పైనుంచి జారిన గుడ్డ కింద కూర్చున్నవాళ్ళని మింగుతుంది. నాకు తెలుసు. మంగళవారం పొద్దున కూడా తెలుసు. కింద కూర్చునేది ఎవరో ఆలోచించలేదు, అంతే.

"మాస్టారూ" అన్నారు ఆవిడ, అదే తగ్గు గొంతుతో. "డాక్టర్లందరూ చక్కగా పడ్డారు. సూపరింటెండెంటుగారి మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. నా ఆయాలేరీ?"

నాన్న ఫోటోని చేతిలోకి తీసుకున్నాడు. వణుకుతోందని మళ్ళీ బల్ల మీద పెట్టాడు. వేలితో ఆ నల్లగుట్ట అంచు తడిమాడు. అర్థమైందని నాకు అర్థమైంది.

"ఇది..." అన్నాడు. "ఇది మా అమ్మాయి చేసిందండీ. పని నేర్చుకుంటోంది ఇంకా."

నాకు నవ్వొచ్చింది. దేవుడి మీద ఒట్టు, మొదట నవ్వే వచ్చింది. రెండేళ్ళు. ఎన్ని కెమెరాలు, ఎంతమంది మెప్పులు, ఒక్కసారి, ఒక్కసారి నోరు జారి కూడా 'మా అమ్మాయి' రాని ఆ నోట్లోంచి ఇంత సులువుగా, వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు వచ్చేసింది.

"రెండేళ్ళుగా ఈ షాపులోంచి వెళ్ళిన ప్రతి తిత్తీ నేను చేసిందేనండీ" అన్నాను. "కెమెరా క్లబ్బు ప్రెసిడెంటుగారిది, అదిగో ఆ అరలో ఉన్నవీ. నేను చెయ్యనిది ఇదొక్కటే."

"లోపలికి పో" అన్నాడు నాన్న.

"పోను."

నర్సుగారు ఆయన్ని చూశారు, నన్ను చూశారు, నా వేళ్ళ సందుల్లో ఎండిన జిగురు చూశారు. నమ్మారు. ఈ నమ్మకం కోసమే రెండేళ్ళు ఎదురుచూశాను. రెండు క్షణాలు కూడా నిలవలేదు.

"సరే, ఆయన చేశారు. మరి నువ్వు చూడలేదా?"

నా దగ్గర చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. స్నానం చేస్తూ, బస్సులో, అన్నం తింటూ సిద్ధం చేసుకున్నవి. వాటిలో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

"చూశాను."

నాన్న నా వైపు తిరిగాడు. "నిలువుగానా, అడ్డంగానా?"

ఆయన అడిగిన తీరు నాకింకా వినిపిస్తోంది. కోపం లేదు అందులో. పని గురించి అడిగినట్టే అడిగాడు.

"అడ్డంగా."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. నర్సుగారు ఫోటోలు ఒక్కొక్కటే ఏరుకున్నారు.

"అంటే తెలిసే ఇచ్చారు. మీ ఇంటి గొడవ మీ ఇంట్లో పెట్టుకోవాల్సింది. నా కెమెరాలో పెట్టి పంపించారు."

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని. కెమెరా మాత్రం బల్ల మీదే వదిలేశారు. "నువ్వు చెయ్యి. ఆయాలని మళ్ళీ పోగేస్తాను. వాళ్ళకి ఎందుకు పోగయ్యారో నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు."

23, ఆదివారం

"చూసి కూడా నోరు విప్పలేదు నువ్వు."

"నువ్వు విప్పావా రెండేళ్ళు?"

"అదీ ఇదీ ఒకటేనా?"

ఒకటే అన్నాను. ఇక్కడ కూడా రాస్తున్నాను, ఒకటే.

"పరాయివాళ్ళ ఫోటో అది."

"నేను చేసినవి మాత్రం సొంతవాళ్ళవా? వాటికి నీ పేరు ఎలా సరిపోయింది?"

"నా పేరు కాదే. షాపు పేరు."

"షాపు పేరైతే నిన్న నా ఒక్కదాని పేరు ఎందుకు చెప్పావు?"

నాకు గెలిచినట్టు ఉండాల్సింది. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విని, "ఒకరు పేరు మింగారు, ఒకరు మాట మింగారు. ఇద్దరికీ అజీర్తే. తలుపు వేసి అరుచుకోండి, పక్కింటావిడ కూర మాడబెట్టుకుంటోంది మీరు చెప్పేది వింటూ" అంది.

ఒకటే.

26, బుధవారం

ఎవరో కుర్రాళ్ళు అటకమీద దొరికిందని మడత కెమెరా తెచ్చి, "తిత్తి మార్చాలి, మాస్టారు గారెవరు?" అన్నారు. నాన్న పేపరు మీదనుంచి కళ్ళు తీయకుండా గడ్డంతో నా వైపు చూపించాడు.

"దాన్ని అడగండి. అదే చేస్తుంది అన్నీ."

అడిగిన మాట దొరికింది. ఇలా దొరుకుతుందనుకోలేదు. ముష్టివాడి బొచ్చెలో చెల్లని నాణెం వేసినట్టు వేశాడు. తీసుకున్నాను. కుర్రాళ్ళతో చాలా మర్యాదగా మాట్లాడాను. వాళ్ళు వెళ్ళాక కత్తి బ్లేడు విరిగేదాకా అట్ట కోశాను.

28, శుక్రవారం

నర్సుగారి తిత్తి అయింది. నిలువుగా చూశాను. చేతిలో ఉంది ఇంకా, తిప్పబోతున్నాను, వెనకనుంచి నాన్న:

"అడ్డంగా తిప్పు."

"తెలుసు."

"తెలుసని తెలుసు."

తిప్పాను. ఇద్దరం చూశాం. బాగుంది. ఎవరమూ ఆ మాట అనలేదు.

2, మంగళవారం

కొత్త ఆస్పత్రి వెనక, బట్టలుతికే చోట. తీగల మీద దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, వాటి ముందు బెంచీ వేశారు నర్సుగారు. ఒక్కొక్కరే వచ్చారు ఆయాలు, చేతులు కొంగుకి తుడుచుకుంటూ, జుట్టు సర్దుకుంటూ. నర్సుగారు చెప్పింది నిజమే, ఆ కెమెరా తెరవగానే వెన్నులు నిటారయ్యాయి.

ఒకామె మాత్రం కూర్చోలేదు. గొంతాయా అంటారట ఆమెని, మూడు వార్డులకి వినపడుతుందట. చేతిలో తడి దుప్పటితో అలాగే నిలబడింది.

"ఏం సిస్టరూ, మళ్ళీ కూర్చోవాలా? మొన్న కూర్చున్నది చాలలేదా?"

"ఆ ఫోటో పాడైంది."

"అందరిదా?"

"ముందు వరసది."

"అది ఎప్పుడూ ఉన్నదే" అంది గొంతాయా. బెంచీ మీద వాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇప్పుడు మేం కూర్చుంటాం సరే, వెనక ఎవరు నిలబడతారు? పెద్ద డాక్టరు వస్తాడా? ఆయనా, మేమూ, మీరూ ఒక మెట్ల మీద ఉన్న ఫోటో అది. దుప్పట్ల ముందు దిగేదానికి నేను పనెందుకు మానుకోవాలి?"

నర్సుగారు నా వైపు చూశారు. చెప్పాను. బట్టీ పట్టుకుని వెళ్ళిన మాటలు ఒక్కటీ రాలేదు. "మా నాన్న చేసిన పనిలో తప్పుంది. నేను చూశాను. చూసి చెప్పలేదు."

"ఎందుకు?"

"కోపమొచ్చి."

"నా మీదా?"

"కాదు. మా నాన్న మీద."

"మీ నాన్న మీద కోపమైతే నా మొహం ఎందుకు తీసేశావు?"

గొంతు పెంచలేదు ఆమె. మూడు వార్డులకి వినపడే మనిషి, నాకు మాత్రమే వినపడేలా అడిగింది. దుప్పటి దులిపి తీగ మీద వేసుకుంది. మిగతావాళ్ళని కూర్చోబెట్టి నర్సుగారు ఫోటోలు తీశారు. బెంచీ చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఎవరూ జరగలేదు.

షాపుకి తిరిగొచ్చాక నాన్న అడిగాడు, అందరూ వచ్చారా అని. ఆమె అన్నది అన్నట్టు చెప్పాను, ఒక్క ముక్క మార్చకుండా. ఆయనకి తగలాలనే చెప్పాను. తగిలింది. నాకేం తగ్గలేదు.

6, శనివారం

ఇవాళ ఒక్కదాన్నే వెళ్ళాను. గొంతాయా ఆరిన దుప్పట్లు తీసి మడతపెడుతోంది.

"మళ్ళీ వచ్చావా? కెమెరా ఏది?"

"తేలేదు."

"మరెందుకు వచ్చినట్టు?"

"తెలీదు."

"బాగుంది. చదువుకున్నదానివేగా?"

"ఆ."

"కనిపిస్తోంది." ఒక దుప్పటి రెండు కొసలు నా వైపు విసిరింది. "పట్టుకో. నా ఎదురుగా నిలబడు. అక్కడ కాదు, వెనక్కి."

పట్టుకున్నాను. ఎండకి కాలి గరుకుగా ఉంది. ఆమె తన వైపు కొసలు గుంజింది. నా చేతిలోంచి ఒకటి జారిపోయింది.

"అంత వదులుగా పట్టుకుంటావేం? మొన్న నీ కోపం గురించి ఏదో చెప్పావు కదా. ఏదీ, లాగు."

లాగాను.